థార్ ఎడారి ఊళ్ళకు మొదటిసారి వెళ్తున్నారా? ఇవి మీకు తెలుసా?

రాజస్థాన్ ఎడారి అనగానే మనవాళ్ళు వేసుకునే ప్లాను దాదాపు ఒకేలా ఉంటుంది. జోధ్‌పూర్‌లో కోట, జైసల్మేర్‌లో ఒంటె సవారీ, తిరుగు దారిలో జైపూర్‌లో బట్టల షాపింగ్. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అంత ఇసుకలో అసలు ఊళ్ళు ఎలా లేచాయో, వందల ఏళ్ళు ఎలా నిలబడ్డాయో తెలియకుండా తిరిగితే రెండో రోజుకే కోటలన్నీ ఒకటిగా కనిపించడం మొదలవుతుంది. థార్‌ను చూడాలంటే అక్కడ నీళ్ళు ఎక్కడ దాచారో వెతుక్కుంటూ వెళ్ళాలన్నది నా గట్టి నమ్మకం. టికెట్లు బుక్ చేసే ముందు ఇవి చదవండి.

దేశంలోకెల్లా ఎక్కువ ఎండ నమోదైంది మీ దారిలోనే

2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. మన దేశంలో వాతావరణ శాఖ రికార్డుకెక్కిన అత్యధిక ఉష్ణోగ్రత అదే. ఫలోదీ ఎక్కడో మూలన లేదు, జైసల్మేర్ నుంచి బికనేర్ వెళ్ళే దారిలోనే తగులుతుంది. పిల్లలకు సెలవులని మే నెలలో ఈ ప్రయాణం పెట్టుకోకండి. నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. అక్టోబరులో పగలు ఇంకా ఎండ కాస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం చలి బాగా కొరుకుతుంది. ఇసుక పగలు ఎంత త్వరగా వేడెక్కుతుందో చీకటి పడగానే అంత త్వరగా చల్లబడుతుంది. గుడారంలో పడుకోవాలనుకుంటే స్వెట్టరు, మఫ్లరు, మందపాటి సాక్సులు తప్పనిసరి. మాఘ పౌర్ణమి ముందు జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్ళేట్టయితే గదులు చాలా ముందుగా చూసుకోవాలి.

ఈ మూడు నగరాల్లో రెండు తండ్రీకొడుకులవి

జోధ్‌పూర్‌ను 1459లో రావ్ జోధా కట్టాడు. ఆయన కొడుకు రావ్ బీకా ఉత్తరానికి వెళ్ళి 1488లో బికనేర్ స్థాపించాడు. జైసల్మేర్ ఈ రెండింటికీ పెద్దది. భాటీ వంశపు రావల్ జైసల్ 1156లో తన రాజధానిని లోద్రవా నుంచి త్రికూట కొండ మీదికి మార్చాడు. మ్యాపులో ఈ మూడూ ఒక త్రిభుజం. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు, అక్కడి నుంచి బికనేర్ 330, బికనేర్ నుంచి మళ్ళీ జోధ్‌పూర్ 250. వారం రోజులుంటే ఈ త్రిభుజం హాయిగా తిరగొచ్చు. అదే వారంలో జైపూర్, ఉదయ్‌పూర్‌లను కూడా ఇరికించాలనుకుంటే సగం పగలు కారులోనే గడిచిపోతుంది. వాటికి ఇంకోసారి వెళ్ళండి. జైసల్మేర్‌కు కనీసం మూడు రాత్రులు ఇవ్వమని నా సలహా, ఎందుకంటే అక్కడ చూడాల్సినవి సగం ఊరి బయటే ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవారికి 2025 జూలైలో కాచిగూడ–భగత్ కీ కోఠీ రైలు మొదలైంది. భగత్ కీ కోఠీ అంటే జోధ్‌పూర్‌లోనే ఉన్న రెండో స్టేషను. ప్రయాణం దాదాపు రెండు రోజులు.

జైసల్మేర్ తర్వాత అనంతపురమే అంటుంటారు

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా జైసల్మేర్, దాని తర్వాత అనంతపురం అని మన పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ వరస కచ్చితం కాదు, పైగా ఒకటీ రెండూ అనగానే పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ తేడా చాలా ఉంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. జైసల్మేర్‌లో 200 కూడా పడదు. అంటే మన దగ్గర కరువు సీమ అనుకునే చోట కురిసే వానలో సగం కూడా లేని నేల మీద రాతి మేడలు, బజార్లు, పుస్తక భాండాగారాలు, జైన మందిరాలు కట్టుకున్నారు. ఈ లెక్క మనసులో పెట్టుకుని ఆ ఊళ్ళో అడుగు పెడితే ప్రతి గోడా వేరేగా కనిపిస్తుంది.

ఇసుకలో దాగిన తేమను బొట్టుబొట్టుగా తోడుకునే బావులున్నాయి

నన్ను అడిగితే ఈ మొత్తం యాత్రలో అన్నిటికన్నా గొప్పది ఇదే. ఏ కోటా దీనికి సాటి రాదు.

థార్‌లో చాలా చోట్ల భూగర్భజలం ఉప్పు. తాగడానికి పనికిరాదు. అయితే కొన్ని ప్రాంతాల్లో ఇసుకకూ ఆ ఉప్పునీటికీ మధ్య జిప్సం పొర ఒకటి అడ్డంగా పరుచుకుని ఉంటుంది. పైన పడిన కొద్దిపాటి వాన ఇసుకలోకి ఇంకి, ఆ పొర దగ్గర ఆగిపోతుంది. కింది ఉప్పునీటిలో కలవదు. పైనున్న ఇసుక ఎండను అడ్డుకుంటుంది కాబట్టి ఆవిరీ కాదు. నెలల తరబడి తేమగా అలాగే ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు రేజాణీ పానీ అంటారు. ఆ తేమను పట్టడానికి తవ్వేదే కుయీ. చాలా ఇరుకైన, లోతైన బావి అది. ఇరుకుగా ఎందుకంటే, వెడల్పయితే రోజంతా ఊరిన నీళ్ళు అడుగున పలచగా పరుచుకుపోతాయి, చేదకు అందవు. ఎండ కూడా నేరుగా తగిలి ఆవిరైపోతాయి. ఇరుకులో అయితే బొట్లన్నీ ఒకచోట చేరి మట్టం లేస్తుంది.

తవ్వడం అసలు కష్టం. లోపల కూర్చుని పలుగు ఎత్తి కొట్టేంత జాగా ఉండదు. అందుకని పొట్టి పిడి పనిముట్టుతో తవ్వుతారు. తవ్విన మట్టి తాడు కట్టిన బుట్టలో పైకి వెళ్తుంది. అందులోంచి ఏ రాయో జారి పడితే తల పగలకుండా లోపలి మనిషి లోహపు పాత్ర బోర్లించి తలకు పెట్టుకుంటాడు. లోతుకు వెళ్ళేకొద్దీ ఊపిరాడదు, ఉక్క. అప్పుడు పైనున్నవాళ్ళు గుప్పిళ్ళతో ఇసుక తీసి బలంగా లోపలికి విసురుతారు. ఆ ఇసుకతో పాటు పై గాలి కిందికి వెళ్ళి, లోపలి వేడి గాలి పైకి వస్తుంది. పక్క ఇసుక కూలిపోకుండా, రాయి దొరకని చోట, ఖీంప్ అనే గడ్డితో పేనిన లావుపాటి తాడును అడుగు నుంచి చుట్టలు చుట్టలుగా పేర్చుకుంటూ గోడ కడతారు. ఇంత చేస్తే రోజుకు దొరికేది రెండు మూడు కుండల తీపి నీళ్ళు.

కుయీ ఒక కుటుంబానిదే అయినా అది ఉండే నేల ఊరందరిది. కొత్తది తవ్వాలంటే ఊరు ఒప్పుకోవాలి, ఎందుకంటే అందరి బావుల్లోకీ వచ్చేది ఒకే తేమ. రాజస్థాన్ నీటి సంప్రదాయాల మీద అనుపమ్ మిశ్ర 1995లో హిందీలో రాసిన ‘రాజస్థాన్ కీ రజత్ బూందేఁ’ అనే పుస్తకంలో ఇవన్నీ ప్రేమగా రాశారు. హిందీ చదవగలిగితే రైల్లోకి అది తీసుకెళ్ళండి. జైసల్మేర్‌లో కారు మాట్లాడుకునేటప్పుడు ‘కుయీ ఉన్న ఊరు చూపించు భాయీ’ అని ముందే అడగండి. కొన్నిచోట్ల ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. చేద మీద, గట్టు మీద చేయి వేసే ముందు ఊరివాళ్ళ అనుమతి తీసుకోండి. చెప్పులు బయటే విడవండి.

కుల్‌ధరాను దెయ్యాల ఊరిగా కాక వ్యవసాయ పాఠంగా చూడొచ్చు

జైసల్మేర్‌కు పశ్చిమాన 20 కిలోమీటర్ల లోపే కుల్‌ధరా శిథిలాలున్నాయి. దివాను సాలిం సింగ్ వేధింపులు భరించలేక పాలీవాల్ బ్రాహ్మణులు ఒక్క రాత్రిలో 84 ఊళ్ళు ఖాళీ చేసి, ఇక ఇక్కడ ఎవరూ నిలవరని శపించి వెళ్ళిపోయారని కథ. యూట్యూబ్ అంతా ఈ శాపం మీదే నడుస్తోంది. నాకు మాత్రం ఆ ఇళ్ళ కన్నా వాళ్ళు వదిలి వెళ్ళిన పద్ధతి ముఖ్యం. దాని పేరు ఖడీన్.

రాతి గుట్టల నుంచి వాననీరు ఏ పల్లానికి జారుతుందో చూస్తారు. ఆ పల్లం చివర మట్టికట్ట వేస్తారు. వానాకాలంలో కట్ట వెనక నీళ్ళు నిలుస్తాయి, మెల్లగా నేలలోకి ఇంకుతాయి. చలికాలం మొదలయ్యేసరికి పైన నీళ్ళుండవు, కింద నేల మెత్తగా తేమతో ఉంటుంది. అందులో గోధుమ, శనగ చల్లుతారు. ఆ తర్వాత ఒక్క తడి కూడా పెట్టరు. 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట గోధుమ పండించారంటే ఇలాగే. పాలీవాల్‌లు పోయినా ఖడీన్లు పోలేదు. జైసల్మేర్ పల్లెల్లో ఇప్పటికీ వాటిలో పంట వేస్తారు. డిసెంబరులోనో జనవరిలోనో వెళ్తే చుట్టూ పసుపుపచ్చ నేల మధ్య ఒక్క మడి మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తుంది. బండి ఆపించి దిగి చూడండి.

జైసల్మేర్ కోటలో బస చేయకపోవడమే కోటకు మేలు

ఈ కోటలో ఇప్పటికీ వేలమంది కాపురం ఉంటున్నారు. ఇళ్ళు, కొట్లు, గుళ్ళు, లోపలే హోటళ్ళు. కోట గది కిటికీలోంచి ఎడారిని చూడటం అందరికీ ఆశే. కానీ ఈ కోట కూర్చున్న కొండ గట్టి నల్లరాయి కాదు, మెత్తని రాళ్ళు, బంకమట్టి కలిసిన గుట్ట. నీళ్ళు నెత్తిన మోసుకొచ్చి చెంబుతో లెక్కగా వాడుకున్నన్నాళ్ళూ దానికి ఏమీ కాలేదు. కుళాయిలు, ఫ్లష్ టాయిలెట్లు వచ్చాక రోజూ కారే నీళ్ళు పునాదుల్లోకి దిగడం మొదలైంది. గోడలు బీటలిచ్చాయి, కొన్ని భాగాలు కూలాయి. ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని 1996లోనే చేర్చింది. తర్వాత మురుగు పైపులు బాగుచేశారు. 2013లో రాజస్థాన్‌లోని మరో ఐదు కొండ కోటలతో కలిపి యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయినా అంత బరువు దానిమీద పెట్టకూడదనే నేనంటాను. కోట కింద ఊళ్ళో బోలెడన్ని హోటళ్ళున్నాయి. పైగా కోట బంగారంలా మెరిసేది కింది నుంచి చూసినప్పుడే, లోపల ఉన్నవారికి ఆ దృశ్యం దొరకదు. పగలంతా లోపల తిరగండి, అక్కడి కొట్లలో కొనండి, రాత్రికి కిందికి దిగండి.

కోట లోపల జైన మందిరాలను మధ్యాహ్నం లోపే చూసేయండి. అక్కడే జినభద్రసూరి జ్ఞాన భాండాగారం ఉంది. 15వ శతాబ్దంలో పెట్టిన ఈ గ్రంథాలయంలో దాదాపు వెయ్యేళ్ళ నాటి తాళపత్రాలున్నాయి. మన కోస్తా తేమలో తాటాకు అన్నాళ్ళు నిలవడం కష్టం. ఎడారి పొడి గాలి వాటిని కాపాడింది.

గడీసర్ చెరువు గుమ్మాన్ని ఒక వేశ్య కట్టించిందట

జైసల్మేర్‌కు తరాల తరబడి తాగునీరు ఇచ్చింది ఈ చెరువే. 14వ శతాబ్దంలో రావల్ గడ్సీ బాగుచేయించాడు కాబట్టి ఆయన పేరే నిలిచింది. చెరువు దగ్గరికి వెళ్ళే అందమైన రాతి ద్వారం పేరు తీలోం కీ పోల్. తీలోం అనే వేశ్య కట్టిస్తుంటే, ఆమె కట్టించిన గుమ్మం కింద నుంచి మేము నడవాలా అని అంతఃపురం అడ్డుపడిందట. రాజు ఊళ్ళో లేనప్పుడు ఆమె పని పూర్తి చేసి, పైన కృష్ణుడి గుడి పెట్టించిందట. గుడి ఉన్నాక పడగొట్టేదెవరు? ఊరికి నీళ్ళిచ్చే చోట తన పేరు నిలవాలనుకున్న ఆ మనిషి పట్టుదల నాకు చాలా ఇష్టం. పొద్దున్నే వెళ్ళండి, పడవల సందడి మొదలవక ముందు.

రోళ్లపాడులో మనం చూసిన బట్టమేక పిట్టకు చివరి ఇల్లు ఇదే

మన నంద్యాల, కర్నూలు ప్రాంతాల పెద్దవాళ్ళకు బట్టమేక పిట్ట తెలుసు. దానికోసమే రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. ఇవాళ దేశం మొత్తం మీద మిగిలినవి 150 దాకానే అని అంచనా, వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి. రాజస్థాన్ రాష్ట్ర పక్షి అదే. అక్కడ గోడావణ్ అంటారు. మగ పిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో ఎగురుతూ ఎదురుగా వచ్చే కరెంటు తీగలను తప్పుకోలేదు, తగిలి చచ్చిపోతుంది. ఆడ పిట్ట సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ వట్టి నేల మీద.

సమ్ ఇసుక దిబ్బల దగ్గరే ఎడారి జాతీయ వనం ఉంది. విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు. వనంలోని సుదాసరి వైపు అటవీ శాఖ అనుమతితో వెళ్ళొచ్చు. సాయంత్రం సమ్‌లో డీజే పాటలు, జీపు విన్యాసాలు జోరుగా ఉంటాయి. నాకు అవి నచ్చవు. ఇసుక మీద నిశ్శబ్దం కావాలంటే దక్షిణాన ఖూరీ వైపు వెళ్ళండి.

అకల్‌లో రాయిగా మారిన చెట్లు

జైసల్మేర్ నుంచి 17 కిలోమీటర్లు. 18 కోట్ల ఏళ్ళ నాటి మానులు రాళ్ళై పడి ఉన్నాయి. అప్పట్లో ఇక్కడ వేడిగా, తేమగా ఉండే వాతావరణం, దట్టమైన అడవి. గంట చాలు.

ఖీచన్ ఊరు వలస కొంగలకు గింజలు పోస్తుంది

బికనేర్ దారిలో పోఖరణ్ వస్తుంది. 1974లోనూ, 1998లోనూ అణుపరీక్షలు జరిగిన ప్రాంతం. దాని తర్వాత రామ్‌దేవ్‌రా గుడి, ఆపైన ఫలోదీ. ఫలోదీ పక్కనే ఖీచన్ అనే పల్లె. హిమాలయాలు దాటి మధ్య ఆసియా, మంగోలియా వైపు నుంచి వేలాది కుర్జాఁ కొంగలు సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడికి వస్తాయి. ఊరివాళ్ళు వాటికోసం కంచె వేసిన ఒక ఆవరణ కేటాయించి, రోజూ గింజలు చల్లుతారు. చలికాలం పొద్దున ఆ ఆవరణ పక్క మేడ మీద నిలబడితే, బూడిదరంగు వరుసలు ఒకదాని వెనక ఒకటి దిగుతూ కనిపిస్తాయి. ఖీచన్ 2025లో రామ్‌సర్ జాబితాలో చేరింది. తెల్లవారేసరికి అక్కడ ఉండాలంటే ముందు రాత్రి ఫలోదీలో పడుకోవాలి. తప్పకుండా పడుకోండి.

జోధ్‌పూర్‌కు ఇప్పుడు నీళ్ళు ఎక్కువై ఇబ్బంది

జోధ్‌పూర్ కోట మెహ్రాన్‌గఢ్‌ను కట్టిన కొండ మీద అప్పటికే ఒక సాధువు ఉండేవాడని, ఆయన్ను ఖాళీ చేయిస్తే ‘నీ కోటకు నీటి కరువు తప్పదు’ అని శపించాడని ఊళ్ళో కథ. ఊరి చుట్టూ చెరువులు, మెట్ల బావులు ఎందుకు తవ్వారో ఆ కథలోనే ఉంది. పాత ఊళ్ళోని తూర్‌జీ కా ఝాల్రా అనే మెట్ల బావిని 1740లలో మహారాజా అభయ్ సింగ్ రాణి కట్టించింది. ఎర్రరాతి మెట్లు కోణాలు కోణాలుగా కిందికి దిగుతాయి. చాలాకాలం చెత్తతో పూడిపోయి ఉంటే ఈ మధ్యే శుభ్రం చేశారు.

1990ల చివరికి, పంజాబ్ నుంచి వచ్చే ఇందిరా గాంధీ కాలువ నీళ్ళు ఎత్తిపోతలతో జోధ్‌పూర్ చేరాయి. ఆ తర్వాత పాత బావులను తోడేవాళ్ళు తగ్గారు, కుళాయి నీళ్ళు నేలలోకి ఇంకడం పెరిగింది. ఇప్పుడు పాత ఊళ్ళో కొన్ని కొట్ల సెల్లార్లలో నీళ్ళు ఊరుతున్నాయి, మోటార్లు పెట్టి తోడుతున్నారు. మరోవైపు కాలువ మరమ్మతుల కోసం ఏటా ఎండాకాలం మొదట్లో నహర్‌బందీ, అంటే కాలువ మూసివేత, ప్రకటిస్తారు, అప్పుడు మళ్ళీ ట్యాంకర్లు. మార్చి తర్వాత వెళ్ళేవాళ్ళు హోటల్‌లో నీళ్ళ సంగతి అడిగి మరీ గది తీసుకోండి.

తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఒక్కటే

దసరాకు మనం మొక్కి, ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టే జమ్మి చెట్టే అక్కడి ఖేజ్‌డీ. మనకు ఏడాదికి ఒక పూట గుర్తుకొచ్చే చెట్టు, వాళ్ళకు ఏడాది పొడుగునా బతుకు. ఆకు మేకలకూ ఒంటెలకూ మేత, నీడన సజ్జ పంట, లేత కాయలు కూర. ఎండబెట్టిన ఆ కాయలను సాంగ్‌రీ అంటారు. కేర్ అనే ముళ్ళపొద పిందెలతో కలిపి, ఎండుమిర్చి వేసి నూనెలో వండుతారు. కరువులో కూడా దొరికే ఈ రెండిటితో చేసిన కేర్ సాంగ్‌రీ ఇవాళ పెళ్ళి విందుల్లో గౌరవంగా వడ్డించే కూర. కాస్త పులుపు, కాస్త వగరు. మన నాలుకకు మొదటి ముద్దకే నచ్చుతుంది. సజ్జ రొట్టెతో తినండి.

ఈ చెట్టు కోసం మనుషులు ప్రాణాలిచ్చిన ఊరు జోధ్‌పూర్‌కు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది, పేరు ఖేజడ్‌లీ. 1730లో రాజభవనం పనికి సున్నపు బట్టీలు కాల్చడానికి కట్టెలు కావాల్సి వచ్చాయి. అభయ్ సింగ్ మనుషులు గొడ్డళ్ళతో ఈ బిష్ణోయ్‌ల ఊరికి వచ్చారు. పచ్చని చెట్టు నరకకూడదన్నది బిష్ణోయ్‌ల 29 నియమాల్లో ఒకటి. అమృతాదేవి అనే ఆమె చెట్టును కౌగిలించుకుని నిలబడింది. ఆమెను నరికేశారు. తర్వాత ఆమె ముగ్గురు కూతుళ్ళను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెట్లను పట్టుకున్నారు. మొత్తం 363 మంది చనిపోయారు. అప్పుడు గానీ రాజు నరికివేత ఆపించలేదు. మన అటవీ శాఖలు ఏటా సెప్టెంబరు 11న జరిపే అటవీ అమరవీరుల దినం ఈ బలిదానాన్ని తలుచుకునే పెట్టారు. ఊళ్ళో స్మారకం ఉంది, చుట్టూ జమ్మి చెట్లు. జోధ్‌పూర్‌కు వచ్చి ఖేజడ్‌లీ చూడకుండా వెళ్ళిపోవద్దని నా మనవి. బిష్ణోయ్ గ్రామాల జీపు టూర్లు చాలా ఉన్నాయి గానీ కొందరు జింకల ఫొటోలతో సరిపెట్టి పంపేస్తారు. ఖేజడ్‌లీ ఉందో లేదో ముందే అడగండి.

మన సర్కారు తుమ్మను అక్కడ ఉలితో తవ్వి తీశారు

మెహ్రాన్‌గఢ్ కోట పక్కనే రావ్ జోధా ఎడారి శిలా వనం ఉంది. ఒకప్పుడు ఆ రాతి నేలంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. 1930లలో అప్పటి మహారాజు విమానంలోంచి విత్తనాలు చల్లించాడని చెబుతారు. 2006లో పర్యావరణవేత్త ప్రదీప్ క్రిషెన్ ఆధ్వర్యంలో దాన్ని తీసే పని మొదలైంది. పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది, వేరు చూస్తే రాతి పగుళ్ళలో ఉంది. చివరికి రాతి గనుల్లో తరాలుగా పనిచేసే ఖండ్వాలియాలను పిలిచారు. వాళ్ళు సుత్తితో బండను తట్టి, ఆ చప్పుడును బట్టి ఎక్కడ కొట్టాలో చెప్పగలరు. వాళ్ళు తవ్వి వేర్లు తీసిన గుంటల్లోనే థార్ సొంత మొక్కలు నాటారు. ఇప్పుడు కోట చూసి వచ్చి అక్కడ నడవొచ్చు. కొంత దూరం దారి పాత వాననీటి కాలువలోంచే సాగుతుంది. మన పల్లెల్లో చెరువుగట్ల మీద సర్కారు తుమ్మతో విసిగిపోయిన వాళ్ళెవరైనా వెంట ఉంటే ఇది తప్పక చూపించండి.

ఉమైద్ భవన్ కరువు పని

1929లో మొదలై 1943లో పూర్తయిన 347 గదుల ఈ రాజభవనం వరస కరువుల్లో వేలమందికి కూలి దొరకాలని చేపట్టింది. ఇప్పుడు కొంత హోటలు, కొంత మ్యూజియం, కొంత రాజకుటుంబపు ఇల్లు. మ్యూజియం భాగం చూడటానికి టికెట్ చాలు.

బికనేర్ కోటలో గోడల మీద వాన కురుస్తుంది

జూనాగఢ్ కోట కొండ మీద కాక సమతల నేల మీద ఉంది. రాజా రాయ్ సింగ్ 1589–1594 మధ్య కట్టించాడు. లోపల బాదల్ మహల్ అనే గది ఒకటి. గోడల నిండా నీలిమబ్బులు, వాటి మధ్య పాముల్లా మెలికలు తిరిగిన మెరుపులు, కింది భాగంలో సన్నని గీతలుగా వానధారలు. వానే ఎరగని రాకుమారులకు వాన అంటే ఏమిటో చూపడానికని గైడ్లు చెబుతారు. ఆ గదిలో కాసేపు ఆగండి. గుంపుతో పాటు ముందుకు తోసుకుపోవద్దు.

ఇదే బికనేర్‌ను 1899–1900 నాటి ఛప్పనియా కరువు అతలాకుతలం చేసింది. విక్రమ శకం 1956, ఛప్పన్ అంటే యాభై ఆరు కాబట్టి ఆ పేరు. అది కళ్ళారా చూసిన మహారాజా గంగా సింగ్ సట్లెజ్ నీళ్ళు తెప్పించేదాకా ఊరుకోలేదు, 1927లో గంగ్ కాలువ పారింది. ఆ రాజ్యపు ఇంజనీరు కన్వర్ సేన్ 1948లో ఇంకా పెద్ద కాలువకు పథకం వేశాడు. 1958లో శంకుస్థాపన జరిగింది. పంజాబ్‌లోని హరీకే నుంచి సుమారు 650 కిలోమీటర్లు వచ్చే ఇందిరా గాంధీ కాలువ అదే. దారిలో ఎక్కడో ఒకచోట మీ కారు దాన్ని దాటుతుంది.

ఒంటెలు తగ్గిపోతున్నాయి

2012 పశుగణనలో రాజస్థాన్‌లో 3.26 లక్షల ఒంటెలుంటే 2019కి 2.13 లక్షలయ్యాయి. ట్రాక్టర్లొచ్చాయి, మేత బీళ్ళు తగ్గాయి. 2015 చట్టం వధను నిషేధించింది, రాష్ట్రం బయటికి తరలింపుపై ఆంక్షలు పెట్టింది. దాంతో అమ్మకం పడిపోయి సాకేవాళ్ళకే బరువైందని రాయికా పశువుల కాపరులు అంటున్నారు. బికనేర్‌లోని జాతీయ ఒంటె పరిశోధన కేంద్రంలో జాతులను దగ్గర నుంచి చూడొచ్చు, పాలు రుచి చూడొచ్చు. కాస్త ఉప్పగా, పలచగా ఉంటాయి. సవారీ ఎక్కేముందు ఒంటె ముక్కు దగ్గర పుండ్లున్నాయేమో చూసి, ఉంటే వేరే దాన్ని అడగండి. సరైన మనిషికి సరైన డబ్బివ్వడమే ఈ జంతువుకు మనం చేయగల సాయం.

బికనేర్ మహారాజు ఒకాయన చనిపోయింది మన ఆదోనిలో

అనూప్ సింగ్ 1669 నుంచి బికనేర్ రాజు, ఔరంగజేబు సేనల్లో దక్కన్‌లో ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆదోని బాధ్యత చూస్తూ 1698లో అక్కడే కన్నుమూశాడు. ఆదోని కోట నుంచి వెళ్ళిన కత్తులు, కవచాలు బికనేర్ ఆయుధాగారం చేరాయి. వాటిలో కొన్ని ఇవాళ విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. అంతకన్నా విలువైనది పుస్తకాలు. యుద్ధాల మధ్య దక్కన్‌లో దొరికిన సంస్కృత తాళపత్రాలు, రాతప్రతులు పోగుచేసి బికనేర్ పంపాడు. బికనేర్‌లోని లాల్‌గఢ్ రాజభవనంలో ఉన్న అనూప్ సంస్కృత గ్రంథాలయం అలా పుట్టిందే. దక్కన్ నుంచి తెచ్చిన దేవతా విగ్రహాలను జూనాగఢ్‌లో ముప్పైమూడు కోట్ల దేవతల పేరిట ఉంచారు. రాయలసీమ వాళ్ళు జూనాగఢ్‌లో ఆయుధాల గది ముందు నిలబడి గైడును ‘ఆదోనీ’ అని ఒక్కసారి అడిగి చూడండి.

బయల్దేరే ముందు చిన్న సంగతులు

బికనేరీ భుజియా శనగపిండితో మాత్రమే కాదు, ఎడారిలో పండే మోఠ్ పప్పు కూడా కలిపి చేస్తారు. పాకెట్ మీద మోఠ్ ఉందో లేదో చూసి కొనండి. జోధ్‌పూర్‌లో మిర్చీ వడ మన మిర్చిబజ్జీకి బంధువే గానీ లోపల ఆలూ కూరతో కడుపు నింపేస్తుంది, ఒకటి చాలు.

తనోట్ మాత గుడి, 1971 యుద్ధపు లోంగేవాలా చూడాలంటే జైసల్మేర్ నుంచి ఒక రోజు పూర్తిగా పోతుంది. పొద్దున్నే బయల్దేరండి, ఫోను సిగ్నల్ చాలా దూరం ఉండదు. అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చిన మనవాళ్ళలో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి సరిహద్దు వైపు కొన్ని ప్రాంతాల్లో ప్రత్యేక అనుమతి కావాలి. జైసల్మేర్ చేరిన మొదటి రోజే ఆ సంగతి తేల్చుకోండి. ఒక్కరి పాస్‌పోర్టు వల్ల కుటుంబమంతా చెక్‌పోస్టు దగ్గర ఆగిపోకుండా ఉంటుంది.